గుండీల గిలక్కాయ

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ అక్కా, పసివాడూ కులాసా. అక్క పెద్దపిల్ల, మన పిడుగు, తన తమ్ముడి మొహమైనా చూడటం లేదని నువ్వు పెట్టుకున్న బెంగ ఇక తీసెయ్యి.

నిన్న కాలేజీ నుంచి రాగానే దాన్ని కూర్చోబెట్టి, ఖాళీ మందు డబ్బాతో పసివాడికి గిలక్కాయ చేద్దామన్నాను. (ఈ మాటలోనే చప్పుడుంది, గమనించావా?) నేను రంగు కాగితం అంటిస్తుంటే, "చప్పుడు నేను తెస్తా పిన్నీ" అంటూ కత్తెర పట్టుకుని లోపలికి పరుగెత్తి, గుప్పెడు గుండీలు తెచ్చింది. ఎక్కడివని అడగాలని తోచలేదు. అవి పోసి, మూత జిగురుతో బిగించేశాను.

పొద్దున చూస్తే బావగారి ఆఫీసు చొక్కాకు ఒక్క గుండీ లేదు. నేను సిగ్గుపడి డబ్బా కోయబోతే, పిడుగు దాన్ని గుండెకు హత్తుకుని, "ఇది మా తమ్ముడిది, ఇవ్వను" అంది.

'మా తమ్ముడు' అనడం అదే మొదలు. అక్క కళ్లు తుడుచుకుంది. బావగారు, "ఇవాళ్టికి పిన్నీసులతో కానిస్తా మరదలా. పైన కోటు ఉండగా ఎవరు చూడొచ్చారు" అన్నారు.

నీ కుట్టు డబ్బాలోంచి తెల్ల గుండీలు పంపు. నాన్నగారి దగ్గు తగ్గిందా? పెరటి తలుపు గడియ బాగుచేయించారా?

పిడుగు నీకు రెండు ముద్దులు రాయమంటోంది. ఒకటి తనదీ, ఒకటి వాళ్ల తమ్ముడిదీ.

నీ చిన్నమ్మాయి