తెర వెనుక నుంచి వినిపించిన పెద్దల గొంతు విషయమై

యువజన వేసవి నాటక శిక్షణ కార్యక్రమాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ముగింపు రోజు ప్రదర్శనల జాబితా నుంచి మా పేట హాలు పిల్లల నాటకాన్ని తొలగించిన ఉత్తర్వును పునఃపరిశీలించి, పిల్లలు నాటకం ఆడుకోవడానికి అనుమతి ఇప్పించవలసిందిగా మనవి.

నేను గృహిణిని. సదరు నాటకంలో తండ్రి వేషం వేసిన అబ్బాయి నా కొడుకు. తమ ఉత్తర్వులో పేర్కొన్న ‘పెద్ద వయసు స్త్రీ గొంతు’ నాది. ఈ అర్జీ రాయమని పిల్లలు గానీ, నాటకం మాస్టారు గానీ నన్ను కోరలేదు. నాకు తెలిసినవి, తెలియనివి విడివిడిగా రాస్తున్నాను. ఇంటి ఖర్చులు రాసుకునే అలవాటు వల్ల నాకు ఇంకో రకంగా రాయడం చేతకాదు.

1. కార్యక్రమపు ఆరో నిబంధన ప్రకారం వేదిక మీద పాల్గొనేవారందరూ పదమూడేళ్లు నిండి, పందొమ్మిదేళ్లు దాటనివారై ఉండాలి. ఎంపిక ప్రదర్శన నాడు చివరి రంగంలో పెద్దల గొంతు ఒకటి సుమారు మూడు నిమిషాల పాటు సంభాషణలో పాల్గొన్నదని పరిశీలకురాలు రిపోర్టు ఇచ్చారు. అది నిజం. మూడు నిమిషాలు అయిందో లేదో నాకు తెలియదు. నాకు అంతసేపు అనిపించలేదు. అయినా దాన్ని వివాదం చేయడం లేదు.

2. నేను ఆ హాలులోకి ఎలా వచ్చానో చెప్పవలసి ఉంది. మా వారు ఈ వేసవి మొదట్లో, ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఉండగానే కాలం చేశారు. బళ్లకు సెలవులు ఇచ్చాక అబ్బాయి గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు. బడి నోటీసు బోర్డు మీద తమ కార్యక్రమం ప్రకటన చూసి నేనే దరఖాస్తు నింపాను. వాడు వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ ప్రశ్నకైనా అదే జవాబు.

వాడిని హాలు మెట్ల దాకా దిగబెట్టి ఇంటికి వెళ్లిపోవాలి. వెళ్లకుండా మెట్ల మీదే కూర్చునేదాన్ని. ఎందుకు కూర్చున్నారని కాపలాదారు అడిగితే బస్సు కోసమని చెప్పాను. ఆ వీధిలోకి బస్సు రాదు. ఆ సంగతి అతను నాకు చెప్పలేదు.

ఒకరోజు నాటకం మాస్టారు బయటికి వచ్చి, “ఏమ్మా, చదవడం వచ్చు కదా?” అన్నారు.

“వచ్చండి.”

“అయితే ఎండలో ఎందుకు, లోపలికి రండి. మా ప్రాంప్టరు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.”

“నాకు నాటకాలు తెలియవండి.”

“తెలిసినవాళ్లు ఈ పనికి పనికిరారమ్మా. తెర వెనకాల కూర్చోబెడితే అక్కడినుంచే నటించేస్తారు.”

పిల్లలు నవ్వారు. నా కొడుకు నవ్వలేదు గానీ, తను కూర్చున్న స్టూలు తెచ్చి నాకు వేశాడు. తెర వెనుక పనుల్లో పెద్దలు సాయం చేయవచ్చునని నిబంధనల్లోనే ఉంది. కాబట్టి నన్ను పిలవడంలో మాస్టారి తప్పేమీ లేదు.

3. ప్రాంప్టరు పని ఏమనగా, పక్క తెర వెనుక నాటకం ప్రతి పట్టుకొని కూర్చోవాలి. ఎవరైనా మాట మరిచిపోతే, ఆ వాక్యంలోని మొదటి రెండు మాటలు వారికి మాత్రమే వినబడేలా అందించాలి. అంతకు మించి అందించకూడదు. ఎవరు ఎక్కడ తడబడతారో, ఎవరు ఎక్కడ కావాలని ఆగుతారో ప్రతిలో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. ఆగేచోట ఒక గీత గీసి ఉంటే అక్కడ నోరు విప్పకూడదు. ఈ పని నాకు బాగానే పట్టుబడింది.

ఆ నాటకం పిల్లలే అల్లుకున్నారు. ఒక కుటుంబం అద్దె ఇల్లు ఖాళీ చేసే రోజు కథ. ఇల్లు వదలడం ఇష్టంలేక తండ్రి పొద్దుటినుంచీ అందరి మీదా చిరాకుపడుతుంటాడు. ఎవరి ఇంట్లో వినబడే మాటలు వాళ్లు రాసుకొని రమ్మని మాస్టారు చెప్పారు. నా కొడుకు రాసుకొచ్చిన మాటలు నేను తెర వెనుక కూర్చున్నాకే చదివాను. ‘ఈ ఫ్యాను ఎవరి కోసం తిరుగుతోంది?’ ‘చెప్పులు వాకిట్లో కవాతు చేస్తున్నాయా?’ ‘నేను అరవడం లేదు, నా గొంతే అంత.’ ఇవి మా వారి మాటలు. అక్షరం తేడా లేదు. చదివి, పెన్సిలు చెక్కుకున్నాను. ఇంకేం చేయాలో నాకు తోచలేదు.

పిల్లలు వాడిని ‘నాన్నారూ’ అని పిలవడం మొదలుపెట్టారు. “నాన్నారూ, కూజాలో నీళ్లు మాకేమైనా మిగిల్చారా?” అంటే, “సంపాదించే రోజున తెలుస్తుందిరా మీకు” అనేవాడు. అందరూ పడీ పడీ నవ్వేవారు. హాలులో అలా మాట్లాడేవాడు. తిరిగి వచ్చే దారిలో మళ్లీ నోరు మూసుకునేవాడు. నేనూ అంతే. పగలంతా వాడికి మాటలు అందించి, ఇంటికి వచ్చి కంచం పెట్టి, నేను అవతలి గదిలో కూర్చునేదాన్ని.

4. చివరి రంగంలో సామానంతా వెళ్లిపోయాక తండ్రి ఖాళీ గదిలో ఒక్కడే నిలబడి, ‘సరే, తాళం వేద్దాం’ అని బయటికి రావాలి. అంతటితో నాటకం అయిపోతుంది. ఆ మాటకు ముందు నా ప్రతిలో గీత లేదు.

ఎంపిక ప్రదర్శనకు ముందు రోజు నేను మా వారి పింఛను కాగితాల పని మీద వెళ్లి, సాధనకు రాలేకపోయాను. అక్కడ ఆగాలని మాస్టారూ అబ్బాయీ ఆ రోజే అనుకున్నారట. ఎంతసేపు ఆగమంటారని వీడు అడిగితే, “నీకు చాలనిపించేదాకా. నువ్వు నిజంగా ఆగితే హాల్లో ఒక్కడు కూడా దగ్గడు, చూడు” అన్నారట మాస్టారు. ఈ మార్పు నాకు చెప్పడం ఆయన హడావుడిలో మరిచారు. అబ్బాయి ఇంట్లో చెప్పలేదు. సాధనలో ఏం జరిగిందని నేను అడగలేదు. ఇదంతా ఉత్తర్వు వచ్చాక మాస్టారు చెబితే తెలిసింది.

ప్రదర్శన నాడు వాడు ఆగాడు. నేను కూర్చున్నచోటికి తెర సందులోంచి వాడి వీపు కొంత మాత్రమే కనబడుతుంది. మాట మరిచాడనుకున్నాను. ‘సరే, తాళం’ అని అందించాను. తీసుకోలేదు. కాస్త గట్టిగా మళ్లీ అందించాను. ముందు వరుసలో ఎవరో నవ్వారు. మూడోసారి అందించింది హాలంతా వినబడి ఉంటుంది. నా లెక్క ప్రకారం అప్పుడు ఒక పిల్లవాడు అంతమంది ముందు మాట దొరక్క నిలబడి ఉన్నాడు. నేను గొంతు పెంచింది అందుకు. ప్రాంప్టరుగానే పెంచాను, తల్లిగా కాదు. ఈ సంగతిని తమరు ప్రత్యేకంగా గమనించగలరు.

5. అప్పుడు వాడు తెర వైపు తిరిగి, “వినబడిందే. ఎందుకలా ప్రాణం తీస్తావు?” అన్నాడు.

ఈ మాట ప్రతిలో లేదు. నాతో అలా మాట్లాడే మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉండేవారు. అబ్బాయి గొంతు ఈ ఏడాదే మారింది. తెర ఇవతల కూర్చున్నవారికి మొహం కనబడదు, గొంతు మాత్రం వస్తుంది. నేను జవాబు చెప్పాను. చెబుతున్నానని నాకు తెలియదు. ఆ తరువాతి మాటలు గుర్తున్నంతవరకు కింద రాస్తున్నాను. పరిశీలకురాలి రిపోర్టుతో సరిపోల్చుకోగలరు.

“నేనేం తీస్తున్నానండీ, కింద బండివాడు అరుస్తున్నాడు.”

“అరవనీ. కాసేపటికి వాడికే గొంతు పోతుంది.”

“వెనక గది కిటికీ వేశారా?”

“వేశా.”

“గడియ పెట్టారా?”

“దానికి గడియ పడదని ఎన్నేళ్లుగా చెబుతున్నా నీకు? ఖాళీ చేసే రోజున బాగుచేయించమంటావా?”

ఇక్కడ హాలు నవ్వింది.

“గొడుగు ఏదీ?”

“అటక మీద వదిలేశా. వానొచ్చినప్పుడు తిట్టుకుందువుగానిలే.”

“మాత్ర వేసుకున్నారా?”

“వేసుకున్నానే.”

ఈ ఆఖరి ప్రశ్న నేను మా వారిని రోజూ సాయంత్రం అడిగేదాన్ని. రోజూ ఆ జవాబే వచ్చేది. ఆ తరువాత నాకు అడగవలసింది ఏమీ ఉండేది కాదు, ఆ రోజు కూడా లేకపోయింది. వాడు “సరే, తాళం వేద్దాం” అని నడిచి వచ్చాడు. దీపాలు ఆర్పారు. చప్పట్లు కొట్టారు. నేను ప్రతి మూసి, స్టూలు గోడకు చేర్చి పెట్టాను. ఏడవలేదు. ఏడ్చి ఉంటే పరిశీలకురాలు అది కూడా రాసేవారు.

6. ప్రేక్షకులు నా గొంతును నాటకంలో భాగమే అనుకొని ఆనందించారని రిపోర్టులో ఉంది. ఇది మాకు అనుకూలమని మాస్టారు అంటున్నారు. నాకైతే ఇది మాకు వ్యతిరేకంగానే కనబడుతోంది. అయినా జరిగింది గనుక దాచలేదు.

7. ఉత్తర్వు వచ్చిన తరువాతి పరిస్థితి. నాటకంలో కూతురు వేషం వేసిన పొడుగమ్మాయి మా ఇంటికి వచ్చింది.

“ఆంటీ, మీ మీద మాకెవరికీ కోపం లేదు” అని, కాసేపు గుమ్మం వైపు చూసి, “కొంచెం ఉంది” అంది.

“ఉంటుందమ్మా.”

“ఆ రోజుకి మా అమ్మమ్మ ఊరినుంచి వస్తోందాంటీ. నేను ఏడ్చే సీను ఉందని ముందే చెప్పేశా. ఇప్పుడు లేదంటే, ఏడుపు రాలేదని తీసేశారా అంటుంది.”

లోపలి గదిలోంచి నా కొడుకు, “నేను మానేస్తాను. వేరేవాడిని పెట్టి ఆడుకుంటామని అడగండి” అన్నాడు.

“నువ్వు మానేస్తే ఎలారా? తండ్రి లేని ఇల్లు అయిపోదూ అది” అని ఆ పిల్ల, అన్నాక నా మొహం చూసి, నాలుక కరుచుకుంది. నేను ఆమెకు మంచినీళ్లు ఇచ్చాను. తాగి వెళ్లిపోయింది.

అప్పటినుంచి నా కొడుకు హాలు వైపు వెళ్లడం లేదు. మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. “నా మీద కోపమా?” అని అడిగాను. “లేదు.” “మరి?” “వదిలెయ్యమ్మా.” ఇంతే మాట్లాడుకున్నాము. నాటకం పోతే మిగతా పిల్లలకు ఒక సాయంత్రం పోతుంది. అది చిన్న నష్టమని నేను అనడం లేదు. నా కొడుకుకు మాత్రం, ఈ ఊరు మొత్తం మీద వాడు నోరు తెరిచే చోటు ఒక్కటే ఉంది. అది పోతుంది.

8. ఈ విషయమై తమ కార్యాలయానికి వచ్చాను. కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తా ఒక ఫారం ముందు పెట్టుకొని, “పెద్దలు పాల్గొన్నారా, పాల్గొనలేదా? అదొక్కటి చెప్పండి చాలు” అన్నారు.

“తెలియకుండా పాల్గొన్నానండి.”

“తెలియకుండా అనే గడి ఇందులో లేదమ్మా.”

“అయితే ఎక్కడ రాయమంటారు?”

ఆయన ఫారం తిప్పి వెనక వైపు కూడా చూశారు. మర్యాదస్తులు. “తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోండి, సార్ చదువుతారు” అన్నారు. అందువల్ల ఇది రాస్తున్నాను. ఆయన మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు.

9. కావున తమరిని కోరుకునేది ఏమనగా:

(అ) ఆరో నిబంధన అతిక్రమించింది నేను. శిక్ష నాకు వేసి, పిల్లల నాటకాన్ని తిరిగి జాబితాలో చేర్చండి. సమయం లేకపోతే అందరికన్నా ముందు, కుర్చీలు నిండకముందే ఆడమన్నా ఆడతారు. మాస్టారిని అడిగే రాస్తున్నాను.

(ఆ) ఆ రోజు నన్ను హాలులోకి రానివ్వకండి. నేను వచ్చినా ఆపమని కాపలాదారుకు రాతపూర్వకంగా చెప్పండి. నోటితో చెబితే అతను ఆపడు, నామీద జాలి ఉంది. నేను ఇంట్లోనే ఉంటాను. నాటకం ఎలా జరిగిందో అబ్బాయి చెబితే వింటాను, చెప్పకపోతే లేదు.

(ఇ) ప్రాంప్టరు పనికి ఇంకెవరినైనా నియమించండి. నేను గుర్తులు పెట్టిన ప్రతి దీనితో జతచేస్తున్నాను. ఆగేచోట గీతలు అన్నీ ఉన్నాయి. చివరిది ఇప్పుడు గీశాను.

పైన రాసినవాటిలో తమకు నమ్మదగనిది ఏదైనా ఉంటే పరిశీలకురాలిని, మాస్టారిని విచారించవచ్చును. నా కొడుకును మాత్రం పిలిపించవద్దని మనవి. ముగింపు రోజు దగ్గరికి వచ్చింది గనుక, దీన్ని దొంతరలో అడుగున పెట్టకుండా పైనే ఉంచి చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయురాలు,
తండ్రి వేషం వేసిన అబ్బాయి తల్లి

తా.క.: అర్జీ ముగించి సంతకం పెడుతుంటే అబ్బాయి లేచి వచ్చి, నా భుజం మీదుగా మొత్తం చదివాడు. చదివి, “అక్కడ నేను ఎందుకు ఆగుతానో రాయలేదేం?” అన్నాడు.

“నాకేం తెలుసురా? మాస్టారు ఆగమన్నారని కదా.”

“ఆగమన్నది ఆయనే. ఎంతసేపన్నది నా ఇష్టం కదా. బయటికెళ్లేటప్పుడు నాన్న గుమ్మంలో నిలబడి తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కుంటారు చూడు, చొక్కా జేబు, ప్యాంటు జేబులు, మళ్లీ చొక్కా జేబు. అవన్నీ మనసులో అయ్యేదాకా ఆగుతా.”

ఇన్నాళ్లలో వాడు ఇంట్లో ఇంతసేపు మాట్లాడింది ఇప్పుడే. సార్, ఆ స్టూలు మీద ఎవరిని కూర్చోబెట్టినా వాళ్లకు ఈ ఒక్కటి చెప్పండి. హాల్లో నవ్వినా, దగ్గినా, వాడు మరిచిపోయాడనిపించినా, ఎవరూ మాట అందించొద్దండి. వెతుక్కోనివ్వండి.