సుబ్బులు నడిచి వచ్చింది

ప్రొద్దుటూరు, 14-8-1958, గురువారం

సుబ్బులును మద్రాసు నుంచి ఇంటికి తెచ్చాం. జట్కా దిగి వాకిట్లోకి తనంతట తానే నడిచి వచ్చింది. తుంటి కీలు వంగి బిగుసుకుపోయి ఇన్నాళ్లూ నొప్పితో ఏడ్చిన పిల్ల. డాక్టరు ఆపరేషనుకు ముందే చెప్పాడు, "కీలు ఇక వదులు కాదు. కాలు చాపి ఎముకలు అతికిస్తాను. నొప్పి పోతుంది, నడుస్తుంది. కానీ నేలమీద కూర్చోలేదు" అని. నడిస్తే చాలనుకున్నాం, నేనూ దాని తల్లీ.

రాత్రి అందరికీ నేలమీద కంచాలు పెట్టారు. సుబ్బులు గోడకు ఆనుకుని, కంచం చేత్తో పట్టుకుని తింటోంది. చూపు సరిగా ఆనని మా అమ్మ అలవాటుగా కసిరింది.

"నిలబడుకోని తింటాండావేందే? అన్నం మింద బయం బక్తి లేదా? కూచో!"

పిల్ల భయపడి గోడ పట్టుకుని వంగబోయింది. ఆ కాలు కర్రలా ముందుకు జారింది. పడబోతుంటే దాని తల్లి పట్టుకుంది.

"నాకింక కూచునేదానికి రాదు జేజీ. నాయనకు తెలుసు."

అమ్మ కంచం తీసుకుని లేచి, తడుముకుంటూ వెళ్లి మనవరాలి పక్కన నిలబడింది. పుట్టి బుద్ధెరిగి ఒక్క మెతుకు నిలబడి తినని మనిషి.

నేను మాత్రం కూర్చున్నచోటు నుంచి లేవలేకపోయాను.