మూడో బోరు

ఫాల్గుణం, ఆదివారం.

వరి పొట్టకొచ్చింది, రెండు బోర్లూ సన్నగా పోస్తున్నాయి. ఇంకో బోరు వేద్దామని పొద్దున నా కొడుకు రమేశ్ అడిగాడు. పొలం నా పేరున ఉంది కనుక నా ఒప్పుదల కావాలి. అతని బిడ్డ కీర్తన పట్నం ఆఫీసులో రాబోయే ముప్పై ఏళ్ల వానలకు, భూగర్భ జలాలకు అంచనాలు వేస్తుంది. సెలవుకు ఇంటికొచ్చిన ఆమె, మా మండలం నీటిమట్టానికి వేసిన రెండు గీతలు ఫోన్‌లో చూపించింది. ఒకదాంట్లో నీళ్లు నిలబడ్డాయి, ఇంకోదాంట్లో అడుగంటాయి. వాన మాత్రం రెండింటికీ ఒకటే.

"మరి గింత తేడా ఎట్లొచ్చింది?" అని అడిగాను.

"అడుగంటిన దాంట్ల ఉచిత కరెంటు గిట్లనే ఉంటది, అందరు వరే ఏస్తరనుకున్నం నానమ్మా. ఇంకోదాంట్ల నీళ్లు తక్కువ తాగే ఆరుతడి పంటలకు సర్కారు మంచి ధర ఇస్తదనుకున్నం."

"అనుకునుడేనా? ఎవరన్న మాటిచ్చిండ్రా?"

"మాటెవరిస్తరు? గిట్లయితే గట్లయితదని చెప్పుడే మా పని."

రమేశ్ నవ్వాడు. "నేను ఎయ్యకున్నా పక్కోడు ఏస్తడవ్వా. బిడ్డ గీత కోసం పొలం ఎండబెట్టుకోవాల్నా?"

"గా మాట అందరంటరనే గీత కిందికి దిగింది బాపూ" అంది కీర్తన.

ఆమె చెప్పింది తప్పని నాకు అనిపించలేదు. కానీ సర్కారు ఇస్తుందనుకున్న ధర కాగితం మీదే ఉంది, వరి పొలంలో ఉంది. రమేశ్‌కు సరేనన్నాను, తెల్లారితే బోరు బండి వస్తుంది. వద్దంటే ఈ నెలలోనే పంట ఎండుతుంది. అది తెలియడానికి ఎవరి అంచనా అక్కరలేదు.