జనవరి పదిహేడో తారీఖు

కొత్తవాడ,
సెప్టెంబరు 16.

బావకు,

దీప్తి రాయునది. ఇక్కడ నేను, అత్తమ్మ, కడుపులోని బిడ్డ బాగానే ఉన్నాం. భీవండిలో నువ్వూ వేళకు తింటున్నావనుకుంటాను. ఫోన్‌లో మాట రాకముందే ఏడుస్తున్నానని ఉత్తరం రాయమన్నావు. రాస్తున్నాను గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నువ్వు అడిగావు కదా, కాళ్ల వాపు తగ్గింది. మగ్గం మీద కూర్చోవడం మానేశాను. జంపఖానాలు అత్తమ్మ ఒక్కతే నేస్తోంది. "అమ్మ నాతో ముభావంగా ఉంటోందెందుకు" అని రాశావు. అదీ చెబుతాను, కోపం తెచ్చుకోకు.

పోయిన నెల స్కానింగ్ తీయించుకున్నాను. అదే మొదటిది. నేను చివరిసారి జనవరి పదిహేడున బయట చేరానని చెప్పాను. క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి పెట్టుకున్నాను కూడా. డాక్టరు తల ఎత్తలేదు.

"బిడ్డ మూడు వారాలు ముందుంది. మిషన్ అబద్ధం చెప్తదా? నువ్వే మర్చిపోయినవ్. కాన్పు అక్టోబరు మూడుకే. పది దినాలు ముందుగనే, సెప్టెంబరు ఇరవై రెండున రా, నొప్పులకు మందు పెడ్తం."

ఆ లెక్కన నేను బయట చేరింది డిసెంబరు ఇరవై ఏడున, కడుపు జనవరి పదికే నిలవాలి. నువ్వు జాతరకు ఇల్లు చేరింది ఇరవై ఎనిమిదిన! పక్కనే అత్తమ్మ వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. నిజంగానే మర్చిపోయానా? నా ఒంటి సంగతి నాకు తెలియదా?

బావా, ఇంటికొచ్చాక భయంతో అబద్ధం ఆడాను. జాతరకు ముందే, జనవరి పదిన నువ్వు వచ్చి పరకాలలో మా అమ్మ ఇంట్లో రెండు రోజులు ఉండి వెళ్లావని అత్తమ్మకు చెప్పాను. అందుకే ఆమెకు నీ మీద అలక.

మొన్న మనసాగక హన్మకొండలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కొని, "నెలనెలా సరిగనే అయితదా? ఆ తారీఖు పక్కానా?" అని అడిగింది. పక్కానే అన్నాను. "ఏడో నెల దాటినంక స్కానింగ్ మూడు వారాలు అటిటు చూపిస్తది. నీ తారీఖు లెక్కనే రాస్తున్న. కాన్పు అక్టోబరు ఇరవై నాలుగుకు. బిడ్డ మంచిగుంది, జల్ది ఏం లేదు" అంది. ఇరవై రెండున వెళ్లి ఉంటే బిడ్డ నెల ముందే పుట్టేది.

నిన్న అత్తమ్మ కాళ్లు పట్టుకుని నిజం చెప్పాను. ఆమె నన్ను లేపి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీ మీద నాకేం అనుమానం రాలే బిడ్డా. కాన్పుకు ఎన్ని దినాలున్నయో లెక్కపెట్టుకున్న, అంతే. నా కొడుకు నన్ను సూడకుంట పోయిండని ఏడ్సిన."

ఇంట్లో అందరూ నన్ను నమ్మేవాళ్లే అయినప్పుడు, నన్ను నేనే ఎందుకు నమ్మలేదో అర్థం కావడం లేదు.

అత్తమ్మకు ఒకసారి ఫోన్ చెయ్యి బావా. నువ్వు పరకాల రాలేదని నేను చెప్పినా, "వాని నోట ఇనాలె" అంటోంది.

ఇట్లు,
తప్పు చేసి ఒప్పుకున్న నీ మరదలు,
దీప్తి