వంకర కుట్టు బ్యాడ్జి

స్కౌట్స్ అండ్ గైడ్స్ మేడమ్ గారికి,

నేను ఫెబా తండ్రిని. క్షేమ సమాచారాలు అడిగే ఓపిక ఈ రోజు నాకు లేదు.

నిన్న గ్రౌండులో అందరి ముందు మా పాప చొక్కా చేతికున్న ప్రథమ చికిత్స బ్యాడ్జిని బ్లేడుతో కోసి తీశారట. "దొంగ బ్యాడ్జి కుట్టుకొని వస్తవా? సిగ్గు లేదా?" అన్నారట.

పరీక్ష పెట్టింది మీరు. పాసైందని సంతకం చేసింది మీరు. ఎనిమిది నెలలుగా "పైనుంచి బ్యాడ్జిల ప్యాకెట్ రాలే" అంటున్నదీ మీరే. పెద్దపల్లి గైడ్స్ ర్యాలీకి పిల్ల ఉత్త చేతితో ఎందుకు పోవాలని ఆ బ్యాడ్జి నేనే కుట్టాను. బాయిలో బొగ్గు పని చేసే చేతులు మేడమ్ ఇవి. మొదటి షిఫ్టు దిగి వచ్చి, వారం రోజులు సూదితో కుస్తీ పట్టాను. కుట్టు వంకరగా వచ్చింది, ఒప్పుకుంటాను. ఇంట్లో కుట్టింది పెట్టుకోవద్దనే రూలుంటే నన్ను పిలిచి తిట్టాల్సింది. పాసై బ్యాడ్జి సంపాదించుకున్న పిల్లను దొంగను చేస్తారా?

ఇంటికొచ్చి ఫెబా ఏడవలేదు. "బాపూ, బ్లేడు జారి మేడమ్ వేలు తెగింది. అందరు బెదిరి నిలబడ్డరు. నా రుమాలు చింపి నేనే కట్టు కట్టిన" అని మాత్రం చెప్పింది.

ఆ కట్టు ఇంకా మీ వేలికే ఉండి ఉంటుంది. విప్పేటప్పుడు ముడిని ఒకసారి బాగా చూడండి. అదీ దొంగదే అనిపిస్తే నాకు కబురు పెట్టండి, వస్తాను.

ఇట్లు,
ఆ వంకర కుట్టు వేసినవాడు