మీ అచ్చులు కడిగాను

ఏవండీ,

ఇవాళ బందరులో, నా నడుముకి ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి చూపించుకున్నాను. ఎముక బాగా అతికిందట, ఇక వంగొచ్చట. మరి ఈ నొప్పేంటండీ అంటే, "ఇన్నేళ్ల నొప్పికి మెదడు అలవాటు పడిపోయిందమ్మా. దిగులు కూడా తోడైతే అంత తేలిగ్గా వదలదు. దానికీ మందు వాడదాం" అన్నారు. ఇంకో మాత్ర. మింగి మింగి విసుగొచ్చింది. నాకు దిగులేం లేదన్నాను. పక్కనున్న కోడలు తల దించుకుంది.

పని అవగానే కలంకారీ అచ్చులు కడిగెయ్యాలని మన అద్దకం షెడ్డులో అందరికీ చెప్పేవారు మీరు. మీరు పోయిన రోజు వాడినవి మాత్రం రంగుతోనే ఎండిపోయాయి. ఎందుకు కడగలేదని అడిగినవాళ్లకి వంగలేనన్నాను.

సాయంత్రం పెడన రాగానే కుళాయి దగ్గర వంగి కడిగాను. నడుము పీకింది. ఒక అచ్చు గాడిలో మీ ఎరుపు కాస్త మిగిలిపోయింది. బ్రష్షు చేతిలోనే ఉంది. రుద్దలేదు.