పసుపు పొట్లాల మధ్య నీ రక్తం

అన్నకు,

నమస్కారాలతో సుజాత రాస్తున్నది. నేను క్షేమమే. నువ్వూ క్షేమమని రాయాలంటే మాత్రం చేయి రావడం లేదు. ఫోన్‌లో డాక్టర్ మాట ఎత్తితే పెట్టేస్తున్నావు కాబట్టి ఈ ఉత్తరం. బాపు మోకాళ్లు ఎలా ఉన్నాయి?

చండీగఢ్‌లో చలి ముదిరింది. ల్యాబ్‌కు నడిచేసరికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మెస్‌లో మూడు పూటలా రొట్టెలే. నువ్వు పంపిన పార్సిల్‌లో కారప్పొడి చూసి ప్రాణం లేచొచ్చింది. దాని కింద, పసుపు పొట్లాల మధ్య, నీ పేరు రాసిన రక్తం సీసా.

వెంటనే వదినకు ఫోన్ చేశాను. "రెండు ముద్దలకే కడుపు నిండిందని లేస్తున్నరు. దవాఖానకు పోదామంటే, పైపు మింగుడు నాతోని కాదు, చెల్లెకు శాంపిల్ పంపిన, ఆమెనే చూసి చెప్తది అంటున్నరు" అంది.

తప్పు నాదే. పోయినసారి ఇంటికొచ్చి గొప్పలు పోయాను. మన కణాల్లో ప్రొటీన్ తయారుచేయని ఆర్‌ఎన్‌ఏలు కొన్ని ఉంటాయనీ, ఏ జన్యువు పనిచేయాలో ఏది ఊరుకోవాలో అవే చెబుతాయనీ, అవి అదుపు తప్పితే కడుపులో క్యాన్సర్ పెరిగి పక్కకు పాకుతుందనీ, వాటి జాడ రక్తంలోనూ దొరుకుతుందనీ చెప్పాను. దొరుకుతుంది నిజమే. కానీ ఒక మనిషికి జబ్బు ఉందో లేదో తేల్చే స్థితికి మా పని ఇంకా రాలేదు. పైగా దారిలో అన్ని రోజులున్న రక్తంలో ఆర్‌ఎన్‌ఏ చెడిపోతుంది.

ఉస్మాన్‌గంజ్ కొట్లో బస్తా అడుగు సరుకు మీద అనుమానమొస్తే నువ్వేం చేస్తావు? పైనున్న గుప్పెడు చూసి ఊరుకోవు, బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి తీస్తావు. డాక్టర్ చేసేదీ అదే, నోట్లోంచి సన్నటి పైపు దింపి కడుపులోంచి చిన్న ముక్క తీసి చూస్తారు. మత్తు ఇస్తారు, కొద్ది నిమిషాల పని. పరగడుపున వెళ్లాలి. బోణీ అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టని వాడివి, నీకదేం కష్టం? సోమవారం షట్టర్ ఎత్తకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లు. గ్యాస్ అని తేలితే నన్ను నలుగురిలో తిట్టు, పడతాను.

మా దగ్గరికొచ్చే సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. అందుకే ఇన్నేళ్లూ ఏ సీసా వెనకా మనిషిని చూడలేదు. నీ సీసాను పారేయడానికి రెండుసార్లు తీసుకెళ్లి, పేరు చూసి వెనక్కి తెచ్చాను. నాకు భయంగా ఉంది అన్నా.

బాపుకు పాదాభివందనాలు, వదినకు నమస్కారాలు. ఈసారి నీ ఆశీస్సులు అడగను. డాక్టర్ ఏం చెప్పినా సరే, దాచకుండా చెప్పు.

నీ చెల్లెలు
సుజాత